సెఫజోలినా, సెఫ్ట్రయాక్సోనా: నా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు

ఎం.ఫార్మసీ రెండో ఏడాదిలో మా గైడ్ మేడం నాకు రెండు మందులు ఇచ్చారు. రెండూ సెఫలోస్పోరిన్ అనే యాంటీబయాటిక్ జాతివే: మొదటి తరం సెఫజోలిన్, మూడో తరం సెఫ్ట్రయాక్సోన్. బ్యాక్టీరియా మీద ఏది ఎంత పనిచేస్తుంది, ఒంట్లో ఏది ఎంతసేపు నిలుస్తుంది, ఈ రెండూ కలిపి చెప్పాలి. మూడో తరం అంటే పవర్ ఎక్కువని మా క్లాసులో అందరి నమ్మకం. మందుల షాపుల్లోనూ ఆ మాటే వినిపిస్తుంది.

ముందు ల్యాబ్ పని. బ్యాక్టీరియా పెంచే ముల్లర్ హింటన్ అగర్ అనే జెల్లీని ప్లేటులో 4 మిల్లీమీటర్ల మందాన పోయాలి. మందం ఎక్కువైతే జోన్, అంటే మందు చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం, చిన్నదవుతుంది, పల్చనైతే పెద్దదవుతుంది. బ్యాక్టీరియా ద్రవాన్ని 0.5 మెక్‌ఫార్లాండ్ అనే ప్రామాణిక చిక్కదనానికి సరిచూసి, 15 నిమిషాల్లోపు స్వాబ్‌తో పూసెయ్యాలి. తర్వాత 30 మైక్రోగ్రాముల మందు ఉన్న కాగితపు డిస్కులు పెట్టి, 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. రాత్రి కరెంటు పోతుందేమోనని హాస్టల్లో ఒకటే టెన్షన్.

ఏటీసీసీ 25922 అనే ఈ.కోలై బ్యాక్టీరియా ప్రామాణిక ల్యాబ్ స్ట్రెయిన్ (రకం) మీద సెఫ్ట్రయాక్సోన్ జోన్ 29–35 మి.మీ., సెఫజోలిన్ జోన్ 21–27 మి.మీ. రావాలి. మావీ ఆ పరిధిలోనే వచ్చాయి. వాటితో చార్టు గీద్దామంటే మేడం ఒప్పుకోలేదు. "ఒక్కో మందు అగర్‌లో ఒక్కోలా పాకుతుందమ్మా, సైజు చూసి ఏది గొప్పో చెప్పలేం. ఎంఐసి తియ్యి" అన్నారు.

ఎంఐసి అంటే బ్యాక్టీరియా పెరగకుండా ఆపగలిగే కనీస గాఢత. అసలు కథ అక్కడ మొదలైంది. అదే ఈ.కోలై మీద సెఫ్ట్రయాక్సోన్‌కి ఉండాల్సిన పరిధి లీటరుకి 0.03–0.12 మిల్లీగ్రాములు, సెఫజోలిన్‌కి 1–4. స్టాఫిలోకాకస్ ఆరియస్ (స్టాఫ్) అనే ఇంకో బ్యాక్టీరియా స్ట్రెయిన్ 29213 దగ్గరకొచ్చేసరికి లెక్క తారుమారు: సెఫజోలిన్‌కి 0.25–1 చాలు, సెఫ్ట్రయాక్సోన్‌కి 1–8 కావాలి. మూడో తరం ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా వైపు బలం పుంజుకుంది, స్టాఫ్ వైపు కొంత వదులుకుంది.

ఫార్మకోకైనెటిక్స్‌కి, అంటే ఒంట్లో మందు ఎంతసేపు నిలుస్తుందో చూడ్డానికి, మనుషుల రక్తం తీసే అనుమతులూ డబ్బూ మాకు లేవు. మందు లేబుల్ సమాచారంలోని అంకెలే తీసుకున్నాం. ఒక గ్రాము నరంలోకి ఇస్తే రక్తంలో సెఫజోలిన్ దాదాపు లీటరుకి 185 మిల్లీగ్రాముల దాకా వెళ్లి, 8 గంటలకి 4కి దిగుతుంది. సెఫ్ట్రయాక్సోన్ 151తో మొదలై, 12 గంటలకి 28, 24 గంటలకి 9. చూడగానే సెఫ్ట్రయాక్సోన్ గెలిచినట్టే ఉంటుంది.

కానీ రక్తంలోని ప్రొటీన్లకి అంటుకున్న మందు పని చెయ్యదు. బస్సెక్కి కూర్చున్న కూలీ చేలో కలుపు తియ్యలేడు కదా. సెఫజోలిన్ సుమారు 80 శాతం అంటుకుంటుంది. సెఫ్ట్రయాక్సోన్ 85 నుంచి 95 శాతం, అదీ మందు తగ్గేకొద్దీ ఎక్కువగా. ఈ జాతి మందులకి గరిష్ఠ స్థాయి కంటే, విడిగా ఉన్న మందు ఎంఐసి పైన ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం.

లెక్కేస్తే, 24 గంటలకి మిగిలే 9లో విడిగా ఉండేది 0.45. ఈ.కోలై స్ట్రెయిన్ ఎంఐసి 0.12 అనుకున్నా రోజంతా సరిపోతుంది. అదే స్టాఫ్ ఎంఐసి 4 అయితే, 12 గంటలకి విడి మందు సుమారు 1.4 మాత్రమే, ఎప్పుడో కిందకి పడిపోయింది. సెఫజోలిన్‌కి 8 గంటల దగ్గర 0.8 మిగులుతుంది, స్టాఫ్ ఎంఐసి 0.5 అనుకుంటే ఇంకా పైనే. రోజుకి మూడుసార్లు ఎందుకు ఇస్తారో కూడా అర్థమైంది. అయితే ఇవి ల్యాబ్ స్ట్రెయిన్ల అంకెలు. ఇలాంటి మందుల్ని విరగ్గొట్టే ఈఎస్‌బీఎల్ ఎంజైము తయారుచేసే ఈ.కోలై వస్తే రెండు మందులూ చేతులెత్తేస్తాయి.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ప్లేట్ల ఫోటోలు ఉన్న పేజీలు తిప్పనే లేదు, నేరుగా "కిడ్నీ సరిగా లేని పేషెంటుకి?" అని అడిగారు. సెఫజోలిన్ దాదాపు మొత్తం మూత్రంలోనే పోతుంది కాబట్టి డోసు మార్చాలని చెప్పాను. సెఫ్ట్రయాక్సోన్ కొంత మూత్రంలో, మిగతాది పైత్యరసంతో పోతుంది. లివర్ బాగుండి కిడ్నీ ఒక్కటే దెబ్బతింటే మామూలు డోసుల్లో సాధారణంగా మార్చక్కర్లేదు.