గాలి పోయిందా?

పెరిటోనైటిస్ అనే మాట ఆపరేషన్ అయ్యాక విన్నాను. అప్పటిదాకా మా ఊళ్లో దానికి ఒకటే పేరు: గ్యాస్.

మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు. బత్తాయి తోటలో నడవాలంటే పొద్దున్నే నొప్పి గోలీ పడాల్సిందే. పరగడుపున చాయ్, డైక్లోఫెనాక్. రెండేళ్లుగా ఇదే. మెడికల్ షాపువాడు ఒక్కనాడు చీటీ అడగలేదు.

ఆ రోజు తెల్లవారుజామున బొడ్డు పైన కత్తితో పొడిచినట్టు నొప్పి లేచింది. కాసేపటికి కడుపంతా పాకింది. ఆర్‌ఎంపీ వచ్చి సూది వేసి సోడా తాగమన్నాడు. ఏం సూది అంటే "నీకెందుకు బాబాయ్" అన్నాడు. మధ్యాహ్నానికి నొప్పి కాస్త తగ్గింది కూడా. అలా తగ్గితే నయమైనట్టు కాదని, చాలామంది అక్కడే మోసపోతారని తర్వాత సర్జన్ చెప్పారు. సాయంత్రానికి వాంతులు, జ్వరం, కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. నల్గొండ చేరేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ నాకు లెక్కే.

సర్జన్ కడుపు మీద మెల్లగా నొక్కి టక్కున చెయ్యి తీశారు. నొక్కినప్పటికంటే తీసినప్పుడే అరిచాను. నిలబెట్టి ఎక్స్‌రే తీస్తే కాలేయం పైన నెలవంకలా నల్లటి చార. "అది గాలి. నొప్పి గోలీలకు జీర్ణాశయానికి చిల్లు పడి బయటికొచ్చింది" అన్నారు. అంటే ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నది నిజమే, ఉన్న చోటే వేరు! కడుపు లోపలి గోడకూ పేగులకూ పలచటి పొర ఉంటుందట, పెరిటోనియం. చిల్లులోంచి యాసిడ్, తిన్నదీ తాగినదీ దాని మీద పడితే ముందు మంట, తర్వాత క్రిములు చేరి చీము. అదేనట పెరిటోనైటిస్. ఆలస్యమైతే విషం రక్తంలోకి ఎక్కుతుంది. నేను తాగిన సోడా ఎక్కడికి పోయిందో అప్పుడు అర్థమైంది.

ఆరోగ్యశ్రీ కాగితాలు అల్లుడు చూసుకున్నాడు. ఆపరేషన్ నాకు తెలియదు. కడుపులోని కొవ్వు పొరనే చిల్లు మీద అతుకేసి కుట్టి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగారట.

అసలు కథ తర్వాత. ముక్కులో ఒక గొట్టం, పక్కలో ఒక గొట్టం, చుక్క నీళ్లు లేవు. పేగులు మళ్లీ కదిలితేనే నీళ్లట, కదిలాయనడానికి గుర్తు గాలి పోవడమట. రౌండ్స్‌కి వచ్చిన ప్రతి ఒక్కరూ వార్డంతా వినపడేలా "పెద్దాయనా, గాలి పోయిందా?" మూడో రోజు వియ్యపురాలు పలకరించడానికి వచ్చింది. పెళ్లిలో ఆమె ముందు మీసం దువ్విన మనిషిని. ముప్పై ఏళ్లలో తోటకు ఒక్క రోజు నాగా పెట్టలేదని గొప్పలు పోయినవాణ్ని. సరిగ్గా అప్పుడే నర్సమ్మ అదే ప్రశ్న. నేను గోడవైపు తిరిగాను. అల్లుడే జవాబిచ్చాడు: "ఇంకా లేదు మేడం."

నాలుగో రోజు తెల్లవారుజామున పోయింది. అల్లుడు వరండాలోకి ఉరికి ఫోన్‌లో వాళ్లమ్మకు చెప్పడం నాకు వినిపించింది: "పోయిందమ్మా!"

పదో రోజు ఇంటికొచ్చాను. మోకాళ్లకు ఇప్పుడు పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ రాసినంతే. దసరాకు రమ్మని వియ్యపురాలు రెండుసార్లు కబురు పంపింది. ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.