హుద్‌హుద్ మీద మా ఐదో తరగతి పిల్లలు రాసిన చరిత్ర

విశాఖలో బీచ్‌కి దగ్గర్లో ఒక మున్సిపల్ ప్రైమరీ స్కూల్లో ఐదో తరగతికి చెప్తాను. మా పిల్లలు బోర్డు మీద ఉన్నది నోట్సులోకి చక్కగా ఎక్కిస్తారు, చేతిరాత కూడా గుండ్రంగా ఉంటుంది. అదే సొంతంగా రాయమంటే మాత్రం క్లాసంతా పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చుంటుంది. "ఏటి రాయాలి టీచర్?" అని ఒకరు అడుగుతారు, మిగతావాళ్లు నా మొహం చూస్తారు. చరిత్ర అంటే వాళ్లకి రాజుల పేర్లు, ఖాళీలు పూరించడం, అంతే. ఈ రెండింటినీ కలిపి చెప్తే ఎలా ఉంటుందో ఈ ఏడాది చూశాను.

ముందు గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి ఒక తాడు కట్టి, బట్టల క్లిప్పులతో చీటీలు తగిలించాం. 1933లో పోర్టు మొదలైంది, 1948లో షిప్‌యార్డ్ నుంచి జలఉష ఓడ సముద్రంలోకి దిగింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. తర్వాత ఎవరు పుట్టిన సంవత్సరం వాళ్లని తగిలించమంటే, అందరి చీటీలూ హుద్‌హుద్‌కి అటువైపే పడ్డాయి. "అయితే మాకెవరికీ తెలీదు కదా టీచర్" అన్నాడొకడు. మరి ఎవరికి తెలుసు? అమ్మకి, తాతకి, పక్కింటి మామ్మకి. వెళ్లి అడిగి రండన్నాను.

మొదటిసారి వచ్చిన రాతలు చూస్తే నీరసం వచ్చింది. "పెద్ద తుఫాను వచ్చింది. చెట్లు పడిపోయాయి. చాలా నష్టం జరిగింది." దాదాపు అందరిదీ ఇదే. ఎర్ర పెన్ను పక్కన పెట్టి, ఒత్తులూ దీర్ఘాలూ తర్వాత చూద్దామనుకుని, ప్రతి వాక్యం కింద ఒక ప్రశ్న మాత్రం రాశాను. ఏ చెట్టు? ఎక్కడ పడింది? అప్పుడు మీ అమ్మ ఏం చేస్తోంది? వాటికి జవాబులు మళ్లీ ఇంట్లోనే వెతుక్కోవాలి. రెండోసారి ఒక పాప ఇలా రాసుకొచ్చింది: "మా నానమ్మ తలుపుకి బీరువా అడ్డం పెట్టింది. బీరువా కూడా కదిలింది." ఆ రెండు వాక్యాలు చదివి నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. ఇంకొకరి ఇంట్లో పాల ప్యాకెట్ కోసం లైన్లో నిలబడ్డారు, ఇంకొకరి తాత బోటు ఒడ్డున ముక్కలైంది, కరెంటు లేక రోజుల తరబడి చీకట్లో ఉన్నారు. రాయడానికి ఏమీ లేదన్న పిల్లలే పేజీ చాలక వెనక్కి తిప్పి రాశారు.

అసలు చరిత్ర పాఠం మాత్రం ఒక గొడవలోంచి వచ్చింది. ఒకడు "మధ్యలో గాలి ఆగిపోయింది, జనం బయటికొచ్చారు, మళ్లీ మొదలైంది" అని చదివితే క్లాసంతా నవ్వింది. ఆగిపోయిన తుఫాను మళ్లీ ఎలా వస్తుందని వాదన. వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా తాత అబద్ధం చెప్పడు" అన్నాడు. ఎవరిది నిజమో నేను చెప్పలేదు, మిగతా ఇళ్లలో కూడా అడిగి రమ్మన్నాను. మర్నాడు ఇంకొందరు అదే మాట తెచ్చారు, పైగా రెండోసారి గాలి అవతలి వైపు నుంచి కొట్టిందని కూడా. అప్పుడు బోర్డు మీద సుడి గీసి, నడుమ ఉండే కన్ను చూపించాను. ఆ కన్ను మన మీదుగా పోతున్నంతసేపు గాలి తగ్గిపోతుంది, అది దాటగానే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. వాడి మొహం చూడాలి!

ఆ రోజు నుంచి "మా తాత చెప్పాడు", "పక్కింటి మామ్మ చూసింది" అని ఎవరి మాట ఎవరిదో రాయకుండా ఒక్కరూ వాక్యం పెట్టట్లేదు. ఐదో తరగతికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి. ఒత్తులు కూడా చివరి ప్రతి రాసేటప్పుడు వాళ్లే ఒకరివొకరు దిద్దుకున్నారు, ఎందుకంటే అందరి రాతలూ కలిపి చేసిన పుస్తకం ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించాలి.

మీ స్కూల్లో చేయాలనుకుంటే ఒక్క విషయం గమనించండి. తుఫానులో మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు ఉంటాయి, ముందే కనుక్కుని ఆ పిల్లలకి వేరే సంగతి ఇవ్వండి.

ఇప్పుడు రాయడానికి ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామిని పట్టాం. అది 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది. చూడ్డానికి వెళ్లేముందే ప్రశ్నలు రాసిపెట్టుకోమన్నాను. లోపల స్నానం ఎలా చేసేవాళ్లు అన్నది దాదాపు అందరి లిస్టులోనూ ఉంది.