మస్టాంగ్‌లో పై ఆర్మ్‌ని ఒక అంగుళం దించాను

నా దగ్గరున్నది 1966 ఫోర్డ్ మస్టాంగ్ కూపే, 289 వీ8 ఇంజిన్‌ది. తిన్నని రోడ్డు మీద నడుపుతుంటే జీవితంలో ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. మలుపు వచ్చిందంటే మాత్రం టెన్షన్. స్టీరింగ్ తిప్పగానే బండి ఒక పక్కకి ఒరిగిపోయేది, ముందు టైర్లు కీచుమనేవి, బండి మూతి మాత్రం తిప్పినంత తిరిగేది కాదు. ఇంకాస్త తిప్పాలి, ఆ తర్వాత ఇంకాస్త.

ముందుగా గట్టి షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేయించాను. గతుకుల్లో ఊగిసలాట తగ్గింది, మలుపులో ఏ తేడా రాలేదు. అప్పుడు బాబాయ్ ఒక పని చెప్పాడు. పాత బండ్ల మెకానిక్ ఆయన, నాకు పని నేర్పింది కూడా ఆయనే. ముందు టైర్ల అడుగు భాగం నుంచి పక్క గోడ దాకా సుద్దముక్కతో గీతలు గీసి, తెలిసిన మలుపులో ఒకసారి తిప్పి రమ్మన్నాడు. వచ్చి చూస్తే బయటి అంచున సుద్ద పూర్తిగా చెరిగిపోయి, పక్క గోడ మీద కూడా కొంత దూరం పోయింది. లోపలి వైపు గీత ఇంకా లీలగా కనబడుతోంది. అంటే మలుపులో టైరు సగం వెడల్పు కూడా రోడ్డుకి సరిగా ఆనడం లేదు. షాకులు ఎంత గట్టివైనా ఆ ఒరుగుడిని సరిచేయలేవు.

ఎందుకిలా అవుతుందో అర్థం కావడానికి నాకు కొన్ని రాత్రులు పట్టింది. ఈ బండిలో ముందు చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుంటాయి. పైది త్రికోణంలా ఉంటుంది. కిందిది ఒంటి ఆర్మ్, అది ముందుకీ వెనక్కీ జరగకుండా స్ట్రట్ రాడ్ అనే కడ్డీ ఆపుతుంది. కాయిల్ స్ప్రింగ్ పై ఆర్మ్ మీద కూర్చుంటుంది. ఇంజిన్‌కి రెండు పక్కలా, స్ప్రింగ్‌నీ షాకునీ పట్టుకునే అంత పెద్ద ఇనుప గూళ్లు, అంటే షాక్ టవర్లు, ఉండేది అందుకే. ఈ అమరిక 1960 మోడల్ ఫాల్కన్ అనే మామూలు కుటుంబ కారు నుంచి మస్టాంగ్‌కి వచ్చింది.

మలుపులో బండి బయటికి ఒరిగితే బయటి చక్రం తల కూడా బండితో పాటే బయటికి వాలుతుంది. చక్రం ఇలా పక్కకి వాలే కోణాన్నే క్యాంబర్ అంటారు. తల బయటికి వాలితే పాజిటివ్, లోపలికి వాలితే నెగటివ్. స్ప్రింగ్ నొక్కుకుని చక్రం పైకి లేచేకొద్దీ పై ఆర్మ్ దాని తలని లోపలికి లాగాలి, అప్పుడే టైరు రోడ్డుకి ఆని ఉంటుంది. ఇక్కడే తేడా వచ్చింది. ఫ్యాక్టరీ అమరికలో పై ఆర్మ్ బయటి కొన కిందికి వాలి ఉంటుంది. కిందికి వాలిన ఆర్మ్‌ని పైకి ఎత్తితే, అది బల్లపరుపుగా అయ్యేదాకా కొన బయటికే జరుగుతుంది. లోపలికి రావడం ఆ తర్వాతే మొదలవుతుంది. ఒక స్కేలుని ఒక చివర మేకుతో గోడకి కొట్టి, రెండో చివరని కింది నుంచి పైకి తిప్పి చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

దీనికి మందు 1960ల్లోనే కనిపెట్టారు. ఫోర్డ్‌లో సస్పెన్షన్ ఇంజినీరుగా పనిచేసిన క్లాస్ ఆర్నింగ్ చూపించిన మార్గం: పై ఆర్మ్ లోపలి చివరని టవర్ మీద 1 అంగుళం కిందికి బిగించాలి. 1965లో కారల్ షెల్బీ మస్టాంగ్‌ని మలిచి తయారుచేసిన జీటీ350 కార్లలో అదే చేశారు. దీన్ని కొందరు షెల్బీ డ్రాప్ అంటారు, కొందరు ఆర్నింగ్ డ్రాప్ అంటారు. లెక్క ఎవరిదో వారి పేరు పెట్టడమే న్యాయం కాబట్టి నేను ఆర్నింగ్ డ్రాప్ అనే అంటాను. 1966 జీటీ350ల్లో ఖర్చు తగ్గించుకోవడానికి మధ్యలోనే దీన్ని మానేశారు. కొత్త భాగమంటూ ఒక్కటీ అక్కర్లేదు. ఒక్కో టవర్‌కి రెండు కొత్త రంధ్రాలు, అంతే.

బండి ముందు భాగాన్ని స్టాండ్ల మీదికి ఎత్తి, షాకులు తీశాం. తర్వాత స్ప్రింగ్. ఈ పని గురించి గట్టిగా చెప్పాలి. నొక్కి ఉన్న కాయిల్ స్ప్రింగ్ జారిందంటే ఎముకలు విరుగుతాయి, ప్రాణం కూడా పోవచ్చు. టవర్ పై నుంచి లోపలికి దించి స్ప్రింగ్‌ని నొక్కిపట్టే కంప్రెసర్ వాడాం. మరలకి గ్రీజు పూసి, ఎయిర్ గన్ జోలికి పోకుండా చేతి పానాతో కొద్దికొద్దిగా బిగించాం. "ఒరేయ్, దానికి ఎదురుగా నిలబడకురా" అని బాబాయ్ ఎన్నిసార్లు అన్నాడో.

స్ప్రింగ్ తీశాక చక్రం మళ్లీ తగిలించి, కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి అర అంగుళం చొప్పున ఎత్తుతూ, ప్రతిచోటా యాంగిల్ గేజితో క్యాంబర్ రాసుకున్నాను. చక్రం పైకి లేస్తుంటే అంకె పాజిటివ్ వైపే జరిగింది. పుస్తకంలో చదివింది కళ్ల ముందు కనబడింది. ఈ కొలత తీసుకోకుండా ఎవరూ డ్రిల్లు పట్టుకోవద్దని నా మాట.

అసలు రంధ్రాలు వేసే ముందు టవర్లు శుభ్రంగా గోకి, బోల్టుల చుట్టూ పగుళ్లున్నాయేమో టార్చి వేసి చూశాం. ఈ బండ్లకి అక్కడ పగుళ్లు రావడం మామూలే. మాకు లేవు. కొత్త రంధ్రాల చోటు చూపించే టెంప్లేట్‌ని పాత రంధ్రాలకే బోల్టుతో బిగించి, సెంటర్ పంచ్ కొట్టి, మొదట 1/8 అంగుళం బిట్‌తో చిన్న రంధ్రం వేశాం. తర్వాత బిట్లు మార్చుకుంటూ 17/32 అంగుళం దాకా పెంచాం, బోల్టు 1/2 అంగుళం కాబట్టి. నెమ్మది స్పీడు, కటింగ్ ఆయిల్, కొత్త బిట్లు. మొదటి రంధ్రానికి ముందు డ్రిల్లు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. అంత పాత బండి ఒంటికి నా చేత్తో రంధ్రం పెట్టాలంటే మనసు ఒప్పలేదు. బాబాయ్ ఏమీ అనకుండా లైటు పట్టుకుని నిలబడ్డాడు. రంధ్రాలయ్యాక బయటపడిన ఇనుముకి రంగు పూసి, ఆర్మ్ బిగించి మళ్లీ కొలిచాను. ఈసారి అంకె పైకి వెళ్లేకొద్దీ నెగటివ్ వైపు నడిచింది. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

1 అంగుళం కంటే ఎక్కువ దించాలనే ఆశ చాలామందికి కలుగుతుంది, నాకూ కలిగింది. కానీ అంతకు మించితే చక్రం పూర్తిగా పైకి వెళ్లినప్పుడు పై ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు, అంటే బాల్ జాయింట్, దాని కోణం హద్దుకి చేరి పట్టేస్తుంది. దాన్ని వంచి కూర్చోబెట్టే వెడ్జి లేకుండా ఆ పని చేయకూడదు. నేను అంగుళం దగ్గరే ఆగాను.

తప్పు ఒకటి చేశాను. కింది ఆర్మ్‌కి కొత్త రబ్బరు బుష్‌లు వేసి, బండి గాల్లో ఉండగానే బోల్టులు పూర్తిగా బిగించేశాను. చక్రాలు వేలాడుతున్న స్థితిలోనే రబ్బరు పట్టుబడింది. బండి కిందికి దించాక అది మెలి తిరిగి ఆర్మ్‌ని కిందికి నెట్టింది. ఈ మార్పుతో ముందు భాగం సుమారు 5/8 అంగుళం దిగాలి, నాది దాదాపు దిగనే లేదు. చక్రాల మీద పూర్తి బరువు ఉండేలా ర్యాంపులెక్కించి, బోల్టులు వదులు చేసి, బానెట్ మీద నాలుగుసార్లు నొక్కి, అప్పుడు బిగిస్తే సరిగ్గా కూర్చుంది.

చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ దగ్గర ఇంకో చికాకు. మొదట వెళ్లిన చోట ఆపరేటర్ కంప్యూటర్‌లో ఉన్న ఫ్యాక్టరీ అంకెలు పెట్టి పంపించేశాడు. అవి ఆనాటి బయాస్ ప్లై టైర్లకి రాసినవి. ఈనాటి రేడియల్ టైర్లకి పనికిరావు. రెండోసారి ఇంకో చోటికి అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లాను: క్యాంబర్ నెగటివ్ అర డిగ్రీ, క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) పాజిటివ్ రెండున్నర డిగ్రీలు, టో (చక్రాల ముందు అంచులు తిరిగి ఉండే కొలత) లోపలికి 1/8 అంగుళం. 1966 బండిలో క్యాంబర్, క్యాస్టర్ పై ఆర్మ్ వెనక పెట్టే షిమ్‌లనే పలుచని బిళ్లలతో వస్తాయి. ఆ కుర్రాడు ఓపికగా ఒక్కో షిమ్ తీస్తూ పెడుతూ రెండు గంటలు కూర్చున్నాడు. క్యాస్టర్ పెరగడంతో ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ కాస్త బరువెక్కింది, తిప్పి వదిలితే మాత్రం దానంతట అదే మధ్యకి వస్తోంది.

బండి ఒరుగుడు తగ్గించే లావు యాంటీ రోల్ బార్ కూడా వేయాలని ఉంది. కానీ రెండూ ఒకేసారి చేస్తే ఏది ఎంత మేలు చేసిందో తెలియదని దాన్ని తర్వాతికి ఉంచాను.

సుద్ద గీతలు మళ్లీ గీసి, అదే మలుపుకి, అదే వేగంతో వెళ్లాం. స్టీరింగ్ తిప్పిన వెంటనే బండి మూతి తిరిగింది. రెండోసారి తిప్పాల్సిన పని పడలేదు. బాబాయ్ పక్క సీట్లో తలుపు పట్టుకోకుండా కూర్చున్నాడు. అవతల బండి ఆపగానే దిగి, టైరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూశాడు. అడుగు భాగమంతా సుద్ద ఒకే తీరుగా చెరిగిపోయింది. పక్క గోడ మీద గీత అలాగే ఉంది.

"రెండో వైపు కూడా చూడు" అన్నాడు. వెళ్లి చూశాను. అక్కడా అంతే.