డిస్‌ప్లేలో 125.4, పీఎల్‌సీలో ఎనిమిది కోట్లు

మా ప్యాకింగ్ మిషన్‌కి ఎలక్ట్రానిక్ పొజిషన్ ఇండికేటర్లు పెట్టే పని నిన్నటితో అయిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు, ఆ వేడిలోనే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: ప్యాక్ సైజు మారినప్పుడల్లా గైడ్లు, స్టాపర్లు హ్యాండ్‌వీల్ తిప్పి జరపాలి. ఒక్కోదానికీ మోటార్ పెట్టించాలంటే ఖర్చు. అందుకని స్పిండిల్ (హ్యాండ్‌వీల్‌తో తిరిగే మర ఇరుసు) మీదే ఇండికేటర్ ఎక్కిస్తారు. ఇప్పుడు ఎక్కడుందో అది డిస్‌ప్లేలో చూపిస్తుంది, పీఎల్‌సీకి (మిషన్‌ని నడిపే కంట్రోలర్‌కి) పంపుతుంది, ఎక్కడికి తిప్పాలో అక్కడి నుంచి తీసుకుంటుంది.

బిగించడం పెద్ద పని కాదు. స్పిండిల్‌కి తొడిగి స్క్రూ బిగించాం, తను కూడా తిరిగిపోకుండా వెనక పిన్నుకి రంధ్రం వేశాం. చుట్టుకి 4 మి.మీ. అని సెట్ చేశాం. ఆర్‌ఎస్-485 అనే డేటా వైరు ఒకదాన్నుంచి ఇంకోదానికి లాగి, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టి, దేని అడ్రస్ దానికి ఇచ్చాం.

అసలు తలనొప్పి ఆ తర్వాత. ఇండికేటర్ మీద 125.4 అని ముచ్చటగా కనిపిస్తోంది. పీఎల్‌సీలో చూస్తే 8,21,82,144!

సప్లయర్ ఇంజనీరుకి ఫోన్ చేస్తే "అది నాయిస్ సార్, మీ కేబులింగ్ సరిగ్గా లేదు" అని తేల్చేశాడు, అంటే వైర్లలో దూరే కరెంటు అలజడి అని. నాయిస్ అయితే అంకె ఎగురుతూ ఉండాలి కదా? ఇదేమో కదలడం లేదు. పైగా ఆ వైరు మీద ఇవి మాట్లాడుకునే మోడ్‌బస్ పద్ధతిలో ప్రతి మెసేజ్‌కీ సీఆర్‌సీ (తప్పు పట్టే చెక్ కోడ్) ఉంటుంది, చెడిపోయిన మెసేజ్ అక్కడే ఆగిపోతుంది. చెప్తే వింటేగా! హ్యాండ్‌వీల్‌ని జీరోకి తెమ్మన్నాడు. తెచ్చాం. పీఎల్‌సీలోనూ జీరో. "చూశారా, మా ఐటమ్ బాగానే ఉంది. ముందు బేసిక్స్ చూసుకుని ఫోన్ చేయండి" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కన మా మేనేజరు, ఇద్దరు ఆపరేటర్లు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రాత్రి కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాను. ఆ అంకెని 65,536తో భాగిస్తే సరిగ్గా 1254 వచ్చింది. పదో వంతు మిల్లీమీటర్లలో 125.4 అంటే అదే! విలువ 32 బిట్లది, రెండు 16 బిట్ల రిజిస్టర్లలో (అంకెలు పెట్టే గళ్లలో) వస్తుంది. పై సగం ముందా, కింది సగం ముందా అన్నది మోడ్‌బస్ నియమాల్లో లేదు, తయారుచేసినవాళ్ల ఇష్టం. ఇండికేటర్ కింది సగం ముందు పంపుతోంది, మా పీఎల్‌సీ దాన్నే పై సగం అనుకుని 65,536 రెట్లు చేసి చూపిస్తోంది. మాన్యువల్‌లో ఆ ముక్కే లేదు. జీరో దగ్గర రెండు సగాలూ సున్నాలే కాబట్టి తారుమారైనా జీరోయే. అంటే ఆ మహానుభావుడు చేయించిన పరీక్షలో ఈ తప్పు ఎప్పటికీ దొరకదు.

కొనేముందే ఈ వరుస ఏమిటో మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో చెప్పే మాటకి విలువ లేదు. రిజిస్టర్ నంబర్లు 0 నుంచా 1 నుంచా అన్నది కూడా అడగండి. ఇంకో మాట, స్పిండిల్ మరలో లూజు ఉంటే ఏ ఇండికేటరూ ఏమీ చేయలేదు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుతూ వచ్చి ఆపాలి.

ఇప్పుడు సైజు ఎంచుకోగానే ఎటు తిప్పాలో బాణం గుర్తు వస్తోంది, చేరగానే పచ్చ లైటు. అన్నీ పచ్చగా మారితేగానీ మిషన్ స్టార్ట్ కాదు. ఈ పొద్దున సప్లయర్ నుంచి మెయిల్: "మా సపోర్ట్ సహకారంతో సమస్య పరిష్కారమైంది" అట. జవాబుగా ఆ భాగహారం ఫొటో పంపాను, మా మేనేజరుకి కాపీ పెట్టి మరీ.