తాగిన నీళ్లు ఒంట్లో నిలవాలంటే

మంచినీళ్లు లీటరు గటగటా తాగేస్తే అందులో చాలా భాగం రెండు మూడు గంటల్లో మూత్రంగా వెళ్లిపోతుంది. రక్తం ఒక్కసారి పలచబడగానే కిడ్నీలు ఎక్కువైన నీటిని బయటికి తోసేస్తాయి. అందుకే ఎంత తాగామన్నదాంతో పాటు ఎంత నిలిచిందన్నదీ చూడాలి.

దీన్ని కొలిచిన పరిశోధన ఒకటి బ్రిటన్‌లో జరిగింది, 2016లో అచ్చయింది. 72 మంది మగవాళ్లకు పానీయాలను లీటరు చొప్పున అరగంటలో తాగించి, తర్వాత మూత్రం కొలిచారు. మంచినీళ్లకు 1 మార్కు వేస్తే ఓఆర్‌ఎస్ (విరేచనాల్లో తాగించే ఉప్పు, గ్లూకోజు ద్రావణం), వెన్న తీసిన పాలు, మామూలు పాలు 1.5 దగ్గర నిలిచాయి; మార్కు ఎంత ఎక్కువైతే ఒంట్లో అంత ఎక్కువ నిలిచినట్టు. టీ, కాఫీ, కోలాలకూ మంచినీళ్లకూ పెద్ద తేడా లేదని తేలింది. టీ తాగితే ఒళ్లు ఎండిపోతుందని పెద్దవాళ్లు మానిపిస్తారు గానీ, అలవాటున్నవాళ్లు రెండు మూడు కప్పులకు భయపడక్కర్లేదు.

పాలు నిలవడానికి కారణం ఉంది. మాంసకృత్తుల వల్ల పొట్టలోంచి మెల్లగా దిగుతాయి, వాటిలోని సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. కానీ మే నెల ఎండలో లీటరు పాలు ఎవరు తాగుతారు? మజ్జిగను ఆ పరీక్షలో పెట్టలేదు గానీ, రోజువారీకి నా ఓటు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగకే.

ఒక గ్లాసు పెరుగు (200 మి.లీ.) చిలికి, నాలుగు గ్లాసుల నీళ్లు పోసి, అర టీస్పూను ఉప్పు కలపండి. లీటరు చెమటలో రమారమి గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి మారుతుంది. ఈ ఉప్పుతో దాదాపు అంతే తిరిగి వస్తుంది. ఉప్పు లేకుండా తాగితే ఆ లోటు తీరదు, మరీ ఎక్కువైతే దాహం పెరిగి కడుపు తిప్పుతుంది. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి రుచికే. ఎండలో పెడితే కొన్ని గంటల్లోనే పులుస్తుంది, కుండలో నీడన ఉంచాలి. ఎండలో పనిచేయనివాళ్లకు, భోజనంలో ఉప్పు సరిపడా తినేవాళ్లకు చిటికెడు చాలు.

కొబ్బరినీళ్లలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. పొలంలో చెమటోడ్చినవాళ్లకు అదొక్కటే చాలదు, పక్కన ఉప్పున్నదేదైనా తినాలి.

విరేచనాలు పట్టుకుంటే మాత్రం మజ్జిగ, కొబ్బరినీళ్లు అంటూ ప్రయోగాలు వద్దు, ఓఆర్‌ఎస్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. పేగుల్లో సోడియం, గ్లూకోజు జతగా లోపలికి వెళ్తూ నీటిని లాక్కెళ్తాయి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసుడు నీళ్లలో కలపడం అందరూ చేసే తప్పు: చిక్కబడితే దాహం, వాంతి, పిల్లలకు ప్రమాదం కూడా. ప్యాకెట్ దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తల కొట్టి, అంటే చెంచా అంచుకు సమంగా. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి.

చాలా కూల్‌డ్రింకుల్లో 100 మి.లీ.కి పది గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. విరేచనాల్లో అది పేగుల్లోకే నీటిని లాగుతుంది.

కిడ్నీ జబ్బున్నవాళ్లు కొబ్బరినీళ్లు, బీపీ, గుండె జబ్బున్నవాళ్లు ఉప్పు మజ్జిగ తమ డాక్టర్‌ను అడిగే తాగాలి.