బ్రిటిష్ మ్యూజియానికి ముందు అమరావతికి

వచ్చే జూన్‌లో అమ్మను తీసుకుని లండన్ వెళ్తున్నాను. అక్కడ మా తమ్ముడి ఇంట్లో మూడు వారాలు ఉంటాం. ఆ మూడు వారాల్లో బ్రిటిష్ మ్యూజియానికి రెండు రోజులు కేటాయించాలని ముందే నిర్ణయించుకున్నాను. ఒక్క మ్యూజియానికి రెండు రోజులు ఎందుకని తమ్ముడు అడిగాడు. అందుకు కారణం నాలుగేళ్ల క్రితం నేను ఒంటరిగా వెళ్లినప్పటి అనుభవం.

ఆ రోజు ఉదయం పది గంటలకే లోపలికి వెళ్లి, అందరూ చూసేవన్నీ నేనూ చూడాలన్న ఆత్రంతో మూడు లిపుల్లో రాతలున్న ఈజిప్టు రోసెట్టా శిల, గ్రీకుల పార్థెనాన్ గుడి శిల్పాలు, అస్సీరియా రాజుల సింహాల వేట శిల్పాలు, పై అంతస్తులోని ఈజిప్టు మమ్మీలు అంటూ గది తర్వాత గది తిరిగాను. చివరికి మన అమరావతి బౌద్ధ స్తూపం నుంచి వెళ్లిన శిల్పాలున్న 33ఏ గదికి చేరేసరికి మూసే వేళ దగ్గరపడింది. సరిగ్గా పది నిమిషాలు నిలబడ్డానో లేదో, ఇక బయలుదేరాలని సిబ్బంది మర్యాదగా చెప్పారు. గుంటూరులో పుట్టి పెరిగిన నేను అంత దూరం వెళ్లి, మన కృష్ణ ఒడ్డున చెక్కిన రాళ్లను చివరికి మిగిల్చుకోవడం ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

అక్కడి సేకరణలో దాదాపు 80 లక్షల వస్తువులున్నాయి. గదుల్లో ప్రదర్శనకు ఉంచినవి వాటిలో సుమారు ఒక శాతమే. ఆ ఒక్క శాతమైనా 80 వేల దాకా ఉంటుంది కాబట్టి, అన్నీ చూడాలనుకోవడం మొదట్లోనే మానుకోవాలి. ఏం చూడాలో ఇంటి దగ్గరే తేల్చుకుని, అందులో అతి ముఖ్యమైనదాన్ని ఒళ్లూ కళ్లూ తాజాగా ఉన్న మొదటి గంటలో చూడాలి. ఇదొక్కటి పాటిస్తే మిగిలినదంతా దానంతట అదే కుదురుతుంది.

అందుకే ఈసారి అందరూ బారులు తీరే గ్రేట్ రస్సెల్ వీధి ద్వారం వైపు కాకుండా, వెనక మాంటేగ్ ప్లేస్ వైపు ద్వారం నుంచి లోపలికి వెళ్తాం. చైనా, దక్షిణాసియా వస్తువులుండే 33వ గది అటువైపు నుంచే దగ్గర. అమరావతి శిల్పాలున్న 33ఏ గది దానికి ఆనుకునే ఉంటుంది. ఆ శిల్పాలను చెక్కిన మన పల్నాటి సున్నపురాయికి గాలిలోని తేమా కాలుష్యమూ పడవు కాబట్టి, ఆ గదికి అద్దపు గోడ కట్టి లోపలి వాతావరణాన్ని అదుపులో ఉంచారు.

అక్కడ అమ్మకు ముందుగా చూపించాలనుకున్నది రెండు వైపులా చెక్కిన ఒక ఫలకం. క్రీస్తుపూర్వం ఒకటవ శతాబ్దం నాటి ముఖంలో బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న జనం కనిపిస్తారు. బుద్ధుడి రూపం మాత్రం ఎక్కడా ఉండదు. తర్వాత సుమారు మూడు వందల ఏళ్లకు స్తూపాన్ని మార్చి కట్టినప్పుడు అదే రాయిని తిప్పి, రెండో ముఖం మీద పూర్తి స్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర కూర్చున్న సింహాలు, వరుసగా నిలిచిన అయిదు ఆయక స్తంభాలు (స్తూపానికి ముందుకు పొడుచుకు వచ్చిన వేదిక మీది స్తంభాలు) ఉన్నాయి. ఈ ముఖం మీద బుద్ధుడు మానవరూపంలో నిలబడి ఉంటాడు. అమరావతి మహాచైత్యం, అంటే ఆ పెద్ద స్తూపం, పూర్తిగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనం ఊహించుకోగలుగుతున్నామంటే, ఇలాంటి ఫలకాలు మిగిలి ఉండబట్టే. పోయినసారి నేను ఒక వైపు మాత్రమే చూసి వచ్చాను. వెనక కూడా శిల్పం ఉందని ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను.

ఆ రాళ్లు అక్కడికి ఎలా చేరాయో కూడా అమ్మకు ముందే చెప్పి ఉంచుతున్నాను. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో దీపాలదిన్నెను, అంటే స్తూపం ఉన్న మట్టిదిబ్బను, తవ్వి రాళ్లు తీస్తున్నారని విని, 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలు అక్కడ చాలాకాలం ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో ఓడలో లండన్ బయలుదేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అవి తిరిగి రావాలనే నేను కోరుకుంటాను. అయితే వచ్చేదాకా వాటిని చూడకుండా ఉండడం నా వల్ల కాదు.

మిగిలిన విషయాలు తేలికే. ప్రవేశం ఉచితం. అయినా నిరీక్షణ తగ్గుతుంది కాబట్టి ఆన్‌లైన్‌లో ముందుగా టికెట్ తీసుకుంటే మంచిది. రోజూ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు గానీ, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అందుకని మొదటి రోజు ఉదయం రెండు గంటలు అమరావతికి, పక్కనే 33వ గదిలోని చోళ నటరాజుకూ పెట్టుకుని, ఆపైన గాజు పైకప్పు ఉన్న గ్రేట్ కోర్టు అనే ఆవరణలో కూర్చుని తెచ్చుకున్నది తింటాం. రెండో రోజుకు శుక్రవారాన్ని ఎంచుకున్నాం. రోసెట్టా శిల ముందు ఎప్పుడూ గుమిగూడి ఉండే జనం సాయంత్రం పల్చబడితే, అప్పుడు ఆ మూడు లిపులనూ అమ్మకు నెమ్మదిగా చూపిస్తాను. మమ్మీలను ఈసారి వదిలేస్తున్నాం.

ఏ గదులు మూసి ఉన్నాయో బయలుదేరే రోజు ఉదయం మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. 33ఏ ఆ రోజు మూసి ఉంటే రెండు రోజుల పనులనూ అటూ ఇటూ మార్చుకుంటాం.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. వచ్చే ఆదివారం అమ్మను గుంటూరు నుంచి అమరావతికి తీసుకెళ్తున్నాను. అక్కడ ఇప్పుడు మిగిలింది గుండ్రటి పునాదీ, దాని చుట్టూ కొన్ని రాతి పలకలూ, పక్కన చిన్న మ్యూజియమూ. ఆ పునాది చుట్టూ ఒకసారి ప్రదక్షిణ చేసి, ఆ వెడల్పును కాళ్లతో కొలిచి వస్తే, లండన్‌లో అద్దం వెనక ఫలకం మీది స్తూపం ఎంత పెద్దదో అమ్మకు నేను వేరే చెప్పనవసరం ఉండదు.