పెద్దమ్మ లైఫ్ సర్టిఫికెట్

నవంబరు కదా, పింఛనుదార్లకి బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ల టెన్షన్. పొద్దున్నే పెద్దమ్మని బండెక్కించుకుని రాజోలు వెళ్ళాను. సార్వా కోతలు సాగుతున్నాయి. రోడ్డుకి ఓ పక్కంతా ధాన్యం ఆరబోశారు. మబ్బు పట్టి ఉండటంతో అందరి కళ్ళూ ఆకాశం మీదే.

ఆన్‌లైన్ సెంటర్లో పెద్దమ్మ వేలిముద్ర పడలేదు. ఊడ్పులకీ కలుపులకీ అరిగిపోయిన వేళ్ళు మరి. పమిట చెంగుతో తుడుచుకుని మళ్ళీ మళ్ళీ పెట్టింది. చివరికి ఆ కుర్రాడు ఫోన్లో ముఖం స్కాన్ చేస్తానన్నాడు. "ఒకసారి కళ్ళు మూసి తెరవండి మామ్మగారూ" అంటే, ఆవిడ గట్టిగా మూసేసుకుని ఇక తెరవలేదు. రెండోసారికి అయింది.

కాగితాలు చూసి "కార్గిలాండీ?" అన్నాడు. "కాదు బాబూ, శ్రీలంక. జాఫ్నా" అంది. అక్కడ మన సైన్యం పోరాడిందని అతనికి తెలీదు. అతని తప్పేముంది, ఎవరు చెప్పారు గనక?

1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే అక్కడి అంతర్యుద్ధం ఆపే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మనవాళ్ళు శాంతి సేనగా వెళ్ళారు. అక్టోబరు వచ్చేసరికి, అక్కడ ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న తమిళ పులులతో (ఎల్‌టీటీఈ) యుద్ధమే మొదలైంది. పెదనాన్న ఆ జాఫ్నా పోరులోనే పోయారు. 1990 మార్చిలో చివరి దళం తిరిగొచ్చేనాటికి దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. మద్రాసులో దిగినవాళ్ళకి స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. ఒప్పందం మంచిదో చెడ్డదో పెద్దవాళ్ళు తేల్చుకోనీ. వెళ్ళమంటే వెళ్ళిన సిపాయి ఏం పాపం చేశాడు? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తిరిగొచ్చేటప్పుడు ధాన్యం రాశులు చూసి పెద్దమ్మే మాట ఎత్తింది. టెలిగ్రాం వచ్చాక కొన్నాళ్ళకి ఆయన రాసిన ఉత్తరం అందిందట. 'ధాన్యం అప్పుడే అమ్మకండి, సంక్రాంతికి రేటు వస్తుంది' అని ఉందట అందులో. "అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నా అమ్మలేదురా. సంక్రాంతి దాకా ఉంచాను" అంది. ఏం అనాలో తోచక బండి నడుపుతూ ఉండిపోయాను.

కొలంబో దగ్గర, వాళ్ళ పార్లమెంటుకి సమీపంలో, ఈ సైనికుల పేర్లతో స్మారకం ఉంది. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలోనూ ఆ పేర్లు చెక్కారు. మా తమ్ముడు అక్కడికి వెళ్ళినప్పుడు పెదనాన్న పేరు ఫొటో తీసి పంపాడు. పెద్దమ్మ ఫోన్ కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇంటిపేరు ఒక్క అక్షరమే వేశారేరా?" అంది.

మా ఊరి బడిలో ఏటా జులై 26న కార్గిల్ వీరులకి దండలు వేస్తారు. వేయాల్సిందే. కానీ అదే బడిలో చదువుకున్న ఈయన పేరు ఒక్కసారైనా పిల్లల చెవిన పడొద్దూ? రేపు హెడ్మాస్టరు గారిని కలిసి అడుగుతాను. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి ఇస్తాను.